నాలుగు దగ్గర నిలిచిపోయిన అంకె

2024లో సెంటాస్ అనే లినక్స్ రకానికి అప్‌డేట్లు ఆగిపోవడంతో నాకు చేతినిండా పని దొరికింది. లినక్స్‌లో రకాలున్నాయి, వాటిని డిస్ట్రిబ్యూషన్లు అంటాం. లోపలి ఇంజన్ దాదాపు ఒకటే అయినా, ఏ ఫైలు ఏ అరలో ఉండాలన్న విషయంలో ఒక్కోదాని అలవాటు ఒక్కో తీరు. పాతదాని మీద నడిచే ప్రోగ్రాములను డెబియన్ అనే ఇంకో రకం మీదికి మార్చివ్వడం ఆ యేడు నా బతుకుతెరువు. మాది దబీర్‌పురా. అటు జల్‌పల్లి నుంచి ఇటు చాంద్రాయణగుట్ట దాకా చిన్న ఆసుపత్రుల సర్వర్లు కొన్ని నేనే చూస్తాను.

ఈ మార్పుల్లో స్టార్టప్ స్క్రిప్ట్ అనేదొకటి ఉంటుంది. సర్వర్ ఆన్ కాగానే ఏ ప్రోగ్రామును ఎలా లేపాలో, దాని సెట్టింగులు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాసిన చిన్న చీటీ అది. నలభై యాభై వరుసలుంటాయి. దాన్ని మార్చడం నాకు గుమాస్తా పనిలా అనిపించేది. పాటలు వింటూ చేసేదాన్ని.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్క సందులో తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కించే చిన్న కేంద్రం ఒకటి ఉంది. ఈ పిల్లల ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు, మూడు నాలుగు వారాలకోసారి బయటి రక్తం ఎక్కించాల్సిందే. ఆ రక్తం సంచులు కింది అంతస్తులో ఫ్రిజ్‌లో ఉంటాయి. రెండు డిగ్రీల నుంచి ఆరు డిగ్రీల మధ్యే ఉండాలి. వేడెక్కిన సంచిలో క్రిములు పెరగొచ్చు. అవి పిల్లల నరాల్లోకి పోతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకని ఫ్రిజ్‌లో ఒక ప్రోబ్, అంటే వైరు చివర వేడి కొలిచే మొన, పెట్టి సర్వర్‌కు కలిపారు. సర్వర్‌లోని ప్రోగ్రాము నిమిషానికోసారి కొలిచి బల్ల మీది తెర మీద అంకె చూపిస్తుంది, ఆరు దాటితే అలారం మోగిస్తుంది. ఫ్రిజ్ మీద ఉండాల్సిన సొంత అంకెల పలక ఎప్పుడో చెడిపోయింది. కాబట్టి అందరికీ ఆ తెరే దిక్కు.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆ ప్రోగ్రామును కొత్త సర్వర్ మీదికి మార్చాను. స్క్రిప్ట్ మార్చి, ప్రోగ్రాము నడుస్తోందా అని అడిగితే సర్వర్ పచ్చటి అక్షరాలతో నడుస్తోందంది. తెర మీద నాలుగు డిగ్రీలు కనబడింది. ఇంకేం కావాలి? ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకున్నాను.

మర్నాడు పదకొండింటికి, ఎందుకైనా మంచిదని ఒకసారి చూసిపోదామని వెళ్లాను. ఫ్రిజ్ చూసుకునే టెక్నీషియన్ విజయమ్మ నన్ను చూసి దగ్గరికి రమ్మంది. ఇరవై యేళ్లుగా రక్తం సంచులతోనే పనిచేసిన మనిషి, ఊరికే పిలవదు.

"బిడ్డా, పొద్దుగాల్నుంచి నాలుగు, నాలుగు, నాలుగే చూపెడుతుంది. తలుపు తీసి మస్తుసేపు సంచులు సదిరిన. అయినా జర గూడ కదుల్తలేదు."

"మంచిదే గదమ్మా. ఫ్రిజ్ మంచిగ పనిచేస్తున్నట్టు."

"మంచిగ పనిచేస్తే మోటరు సప్పుడు రావాలె గదా. ఏం సప్పుడు లేదు."

నాకు నవ్వొచ్చింది, నిజం చెప్పాలి. యంత్రం మాట కన్నా చెవి మాట ఎక్కువా అనుకున్నాను. ఆమె నాతో వాదించకుండా సొరుగులోంచి గాజు థర్మామీటరు తీసి ఫ్రిజ్‌లో పెట్టి, తలుపు మూసి, గడియారం చూస్తూ నిలబడింది. ఐదు నిమిషాల తర్వాత తీసి వెలుతురుకు పట్టింది.

"పదకొండు" అంది.

తెర మీద నాలుగే ఉంది.

"పొద్దున ఎవరికన్నా ఇచ్చిన్రా అమ్మా?"

"జోయాకు. నువ్వు రాకముందే సంచి పైకి పంపిన." ఆ మాట పూర్తికాకముందే ఆమె మెట్లెక్కుతోంది. మోకాళ్ల నొప్పులతో రోజూ గోడ పట్టుకుని ఎక్కే మనిషి రెండేసి మెట్లు ఎక్కుతోంది.

నేను మెట్ల వైపు పరిగెత్తలేదు. కీబోర్డ్ వైపు పరిగెత్తాను. ఇన్నేళ్ల పని నన్ను అలా చేసిందో, పైన ఏం చూడాల్సి వస్తుందోనన్న పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేదు. లాగ్ తెరిచాను. ప్రోగ్రాము తను చేసిన ప్రతి పనీ రాసుకునే ఫైలు అది. నిన్నటి మొదటి వరుసలోనే ఉంది: సెట్టింగులు దొరకలేదు, డెమోలో నడుస్తున్నాను.

అప్పుడు అర్థమైంది. సెంటాస్‌లో సెట్టింగుల ఫైలు ఒక చోట ఉంచడం అలవాటు, డెబియన్‌లో ఇంకో చోట. నేను ఫైలును బుద్ధిగా కొత్త చోటికి మార్చాను. స్క్రిప్ట్‌లో మాత్రం ఒక వరుస పాత చోటే వెతుకుతోంది. 'అక్కడ ఫైలు ఉంటే చదువు' అని రాసి ఉంది అందులో. లేకపోతే ఏం చేయాలో రాసి లేదు, అంటే మారుమాట లేకుండా ముందుకు పోతుంది. సెట్టింగులు లేని ప్రోగ్రాముకు ప్రోబ్ ఎక్కడుందో తెలియదు. కొనేవాళ్లకు చూపించడానికి దాన్ని తయారుచేసినవాళ్లు పెట్టిన బొమ్మ లెక్క మొదలైంది. ఆ లెక్కలో ఫ్రిజ్ ఎప్పుడూ నాలుగు డిగ్రీలే. దానికి అలారం మోగించే అవసరం ఎప్పటికీ రాదు.

పైకి వెళ్లేసరికి డాక్టరమ్మ జోయా చేతికున్న గొట్టం బిగించేసింది. తొమ్మిదేళ్ల పిల్ల, మంచం మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది. వాళ్లమ్మ షాహీన్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఆమెను అందరం బాజీ, అంటే అక్కా, అని పిలుస్తాం. జల్‌పల్లిలో కుట్టుపని చేస్తుందామె, పొద్దున్నే రెండు బస్సులు మారి వస్తుంది. పది నిమిషాల రక్తం అప్పటికే లోపలికి పోయింది.

"ఈ సంచి ఎంతసేపు వేడిలో ఉందో చెప్పగలవా?" డాక్టరమ్మ నన్ను అడిగింది.

"చెప్పలేను మేడం. నిన్న మధ్యాహ్నం నుంచి ఉన్న రికార్డు మొత్తం అబద్ధం."

"అయితే రాత్రంతా ఉందనే అనుకోవాలి." ఆమె గొంతు పెంచలేదు. సంచిని పరీక్షకు పంపింది, మిగతా సంచులన్నీ పక్కన పెట్టించింది, పిల్లకు మందు మొదలుపెట్టింది. పావుగంటకోసారి జ్వరం, బీపీ చూడమని విజయమ్మకు చెప్పింది. "సాయంత్రం దాకా ఏమీ చెప్పలేం" అంది.

అంత భయం నేనెప్పుడూ పడలేదు. సర్వర్ పోతే బాగుచేయొచ్చు, ఫైలు పోతే కాపీ తెచ్చుకోవచ్చు. పది నిమిషాలు నరంలోకి పోయినదాన్ని ఎవరు వెనక్కి తేగలరు? ఒకటిన్నరకు జోయా కాళ్లు ఊపడం ఆపేసింది. "అమ్మీ, ఠండ్ లగ్‌రీ" అంటూ చలికి ముడుచుకుంది. విజయమ్మ థర్మామీటరు పెట్టింది. తొంభై తొమ్మిది దాటింది. షాహీన్ బాజీ తన చున్నీ తీసి పిల్ల మీద కప్పి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. నేను ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఎవరిని మొక్కుతున్నానో నాకే తెలియకుండా మొక్కాను. పావుగంట తర్వాత మళ్లీ తొంభై తొమ్మిదే. ఇంకో పావుగంటకు కాస్త తగ్గింది. ఆ తర్వాత పెరగలేదు.

ఇక చెప్పకుండా ఉండలేకపోయాను.

"బాజీ, అలారం మోగకపోవుడు నా తప్పే. నిన్న దాన్ని మార్చింది నేనే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె పిల్ల మీది నుంచి చేతులు తీయకుండానే నా వైపు తిరిగింది.

"గిట్లనే ఇంకెన్ని జాగల్ల పెట్టినవ్?" అంది.

ఇంకా రెండు చోట్ల పెట్టాను. ఆ నెలలోనే, ఇదే స్క్రిప్ట్, ఇదే వరుస. ఒకటి చంటిపిల్లల టీకాల ఫ్రిజ్. పొద్దున్నుంచి ఆ ఆలోచనే నాకు రాలేదు. జోయా గురించి భయపడ్డాను, నిజానికి అందులో సగం నా గురించే. అక్కడి ఫ్రిజ్‌ల దగ్గర కూర్చున్నవాళ్లు తెర వైపు చూసి నిశ్చింతగా ఉంటారన్నది పిల్లను ఒళ్లో పెట్టుకున్న ఆ తల్లికి తట్టింది, నాకు తట్టలేదు.

మెట్ల మీద నిలబడి ఫోన్ చేశాను. "ప్రోబ్ బయటికి తీసి గుప్పిట్ల పట్టుకోండి. అంకె పెరుగుతుందా చెప్పండి" అన్నాను. అవతల మనిషి మూడు నిమిషాలు పట్టుకుంది. "పెరుగుతలేదు మేడం. నాలుగే ఉంది" అంది. రెండో చోటా అదే మాట. అదృష్టం ఏమిటంటే గాజు థర్మామీటర్లు పెట్టి చూస్తే రెండు ఫ్రిజ్‌లూ చల్లగానే ఉన్నాయి. మూడు చోట్లా ఆ రోజే స్క్రిప్ట్ సరిచేశాను. ఫైలు దొరకకపోతే ముందుకు పోకుండా, అక్కడే ఆగి గోల చేయమని రాశాను.

ఐదింటికి జోయా ఆకలంటూ బిస్కెట్లు అడిగింది. రెండు రోజుల తర్వాత సంచిలో క్రిములేమీ లేవని పరీక్షలో తేలింది. డాక్టరమ్మ ఫోన్లో ఆ మాట చెప్పగానే నడిరోడ్డు మీద స్కూటీ ఆపుకుని ఏడ్చాను.

ఆ రోజు తర్వాత నా పని తీరు మారింది. ప్రోగ్రాము నడుస్తోందని సర్వర్ చెబితే పని అయినట్టు కాదు. అది ఏ పని కోసం ఉందో ఆ పని నా కళ్ల ముందు చేయాలి. అలారం మోగాలి, అది వినాల్సినవాళ్లు అక్కడ ఉండి వినాలి. ఇది నేనేదో కూర్చుని ఆలోచించి పెట్టుకున్న పద్ధతి కాదు.

మూడు వారాలకు, ఫ్రిజ్ మోటరు మార్పించాక, జోయా మళ్లీ వచ్చే రోజున నన్ను కూడా రమ్మని షాహీన్ బాజీ కబురు పెట్టింది. నేను వెళ్లేసరికి పిల్లను పైకి తీసుకుపోనివ్వకుండా ఫ్రిజ్ గది గుమ్మంలో నిలబడి ఉంది. "నాకు చూపియ్యి" అంది. విజయమ్మ ప్రోబ్ తీసి ఆమె చేతికే ఇచ్చింది. ఆమె గుప్పిట మూసింది. ఐదు, ఏడు అంటూ నిమిషానికోసారి అంకె ఎక్కింది. అలారం మోగింది. జోయా చెవులు మూసుకుంది. షాహీన్ బాజీ మాత్రం గుప్పిట విప్పకుండా ఆ మోత ఇంకాసేపు విన్నది. తర్వాత ప్రోబ్ విజయమ్మకు ఇచ్చి, పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు ఎక్కియ్యుండ్రి" అంది.