అటక మీది కొసరు

మా నాన్న లెక్కలో లోకంలోని సరుకంతా రెండే రకాలు. నిలవుంటే పాడయ్యేది, నిలవుంటే ధర పలికేది. బెల్లం వానాకాలంలో చెమరుస్తుంది. శనగపిండికి పురుగు పడుతుంది. బియ్యానికి పాతబడేకొద్దీ మర్యాద పెరుగుతుంది. ఎనభైల్లో తెనాలి బజారుకి ప్లాస్టిక్ బకెట్లూ మగ్గులూ దండిగా రావడం మొదలైనప్పుడు ఆయన ఒక మగ్గుని గోరుతో గీకి, పంటితో కొరికి, నేలకేసి కొట్టి చూశారు. "దీనికి చావు లేదురా, మునిమనవడు కూడా అమ్ముకోవచ్చు" అని తీర్పు చెప్పి అటకంతా నింపేశారు. నేను ఆ మాట నమ్మాను. పుట్టి బుద్ధెరిగాక బేరమాడకుండా తీసుకున్న సరుకు నాకు అదొక్కటే.

మాది కాలవ పక్కన కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, వీధిలోకి మూడు మెట్లు. బేరం కుదరక దిగిపోయే మనిషిని మొదటి మెట్టు మీద పిలిస్తే మన తొందర బయటపడుతుంది. మూడోది దిగాక పిలిస్తే వాడికి పౌరుషం వస్తుంది. రెండో మెట్టు మీదే పిలవాలి. ఈ విద్య నాకు నేర్పింది మా అక్క. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది తనే. తెలివైందని కొంతా, లేచి తిరగలేదు కాబట్టి కొంతా, అక్కడ కూర్చోబెట్టారు.

పసితనంలో పోలియో వచ్చి అక్కకి ఎడమకాలు సన్నబడిపోయింది. పాదం తడిగుడ్డలా వేలాడేది. మోకాలు బరువు ఆపేది కాదు. ఆస్పత్రిలో ఇచ్చిన ఇనప కాలిపరు తొడ నుంచి పాదం దాకా కాలిని కర్రలా బిగించేది. దాంతో ఇంట్లో తిరగొచ్చు గానీ రైలెక్కలేదు, మోకాలు వంగదుగా. అందుకని పెళ్ళికైనా, పరీక్షకైనా నేనే ఎత్తి రైలుపెట్టెలో కూర్చోబెట్టేవాణ్ణి. ఇరవై దాటిన ఆడమనిషిని మూటలా ఎత్తుతుంటే ప్లాట్‌ఫారం మీద జనం అయ్యో పాపం అంటూ దారిచ్చేవాళ్ళు. ఆ కాసేపూ అక్క కళ్ళు మూసుకునేది.

తొంభైల మొదట్లో అక్కకి రేపల్లెలో ఒక చిన్న బడిలో టీచరు ఉద్యోగం ఖాయమైంది. జూన్‌లో చేరాలి. రోజూ పాసింజరులో వెళ్ళి రావాలి.

"నేనెత్తి ఎక్కిస్తాలే," అన్నాను.

"రోజూనా?"

"రోజూనే. నువ్వేమన్నా నాకు బరువా?"

"బరువు నీకు కాదురా, నాకు. నా కాళ్ళతో నేనెక్కగలిగితే వెళ్తాను. లేదంటే ఈ గల్లాపెట్టే నాకు గతి. మళ్ళీ ఆ మాటెత్తకు."

అక్క ఒక రేటు చెప్పిందంటే అదే ఆఖరు. మా ఇంట్లో బేరం పనిచెయ్యని మనిషి తనొక్కతే.

ఆ ఏడు కోతలయ్యాక, మా కొట్లో సరుకు తీసుకునే లూథరన్ మాస్టారొకాయన బాపట్లలో వాళ్ళ చర్చిలో కోతపండగని చెబితే వెంటపడి వెళ్ళాను. సంఘంలోవాళ్ళు తెచ్చిన బియ్యం, కోళ్ళు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు అన్నీ కాంపౌండులో వేలం వేస్తారు. చవగ్గా గుమ్మడికాయలు కొట్టుకొద్దామని నా దురాశ. తీరా చూస్తే అక్కడంతా తిరకాసు. ఒక్కో గుమ్మడికాయకి బజారు ధరకి రెండింతలు పాడి, నవ్వుతూ ఇంటికి పట్టుకుపోతున్నారు. దేవుడికి ఇస్తున్నామన్న తృప్తి వాళ్ళది. నేను మాత్రం తెచ్చిన ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకున్నాను.

కోళ్ళయ్యాక చివర్లో రెండు పొడుగాటి పలకలు తెచ్చి పెట్టారు. విదేశాల నుంచి పాతబట్టల పెట్టెల్లో వచ్చాయట. కోట్లూ ఉన్ని టోపీలూ పంచిపెట్టగా ఇవి మిగిలాయి. ఒక్కో పలకకి ఒక్కో జత ప్లాస్టిక్ బూట్లు ఇనప కమ్మీలతో బిగించి ఉన్నాయి.

"ఇవేంటండి అయ్యగారూ?" అని వేలం వేస్తున్న సంఘపెద్ద పాస్టరుగారిని అడిగాడు.

"మంచుకొండ మీంచి జారడానికంట. దీని మీద నిలబడి జారతారంట."

"ఎందుకండి?"

పాస్టరుగారు పలకని అటూ ఇటూ తిప్పి చూశారు. "సరదాకంట."

"మన బాపట్లలో ఎత్తంటే రైలుకట్టేనండి. దాని మీంచి జారితే సరాసరి వరిచేలో పడతాం," అన్నాడు వెనక నుంచి ఒకాయన. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. బూటు చేతిలోకి తీసుకుని చీలమండ దగ్గర వంచబోయాను. వంగలేదు. మోకాలి కింద దాకా గట్టి డొప్ప, లోపల మెత్తటి మేజోడు, ముందు బిగించే క్లిప్పులు. వేలాడే పాదాన్ని ఇందులో పెట్టి బిగిస్తే వేలాడదు. పైన మోకాలు మాత్రం ఖాళీగానే ఉంటుంది, వంగుతుంది. అక్క రైలెక్కినట్టే అనుకున్నాను. అయినా మొహంలో కనపడనివ్వకుండా బూటు కింద పడేసి, "గీతలు పడ్డాయే," అన్నాను. అలవాటు అలా ఏడిచింది.

"కోడిపుంజు పలికిన ధరతో మొదలెడదామా?" అన్నాడు సంఘపెద్ద.

"అందులో సగం," అన్నాను నేను.

సంఘపెద్ద నా వైపు తిరిగాడు.

"బాబూ, ఇది వేలం. ఇక్కడ పాట పైకే పోతుంది, కిందికి రాదు."

"ఇంకెవరూ పాడటం లేదు కదండి. నాతో నేనే పోటీ పడాలా?"

పక్కన కూర్చున్న ఒక ముసలావిడ బుగ్గ నొక్కుకుంది. "దేవుడితో కూడా బేరమేంటి నాయనా! రేపు నరకంలో నీ మూకుడులో నూనె కూడా తక్కువ పోయమంటావు కాబోలు."

సిగ్గుపడి పుంజు ధర పూర్తిగా ఇచ్చాను. అయితే సిగ్గు ఎంతసేపుంటుంది? డబ్బు చేతులు మారగానే, "ఆ రెండోది కొసరెయ్యండి," అన్నాను. చర్చిలో కొసరడిగిన మొదటివాణ్ణి నేనేనట. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "ఇచ్చెయ్యండి, చోటన్నా మిగులుతుంది," అన్నారు. తిరుగు రైల్లో ఒకాయన నా పలకల్ని ఎగాదిగా చూసి, "శవపేటిక మూతలా తమ్ముడూ?" అనడిగాడు. కాదన్నాను. ఇప్పుడైతే అంత గట్టిగా కాదనను.

ఇంటికొచ్చాక తెలిసింది, కొనడం ఒక ఎత్తు, బిగించడం ఒక ఎత్తని. బూట్లు కమ్మీల్లోంచి ఊడాయి గానీ, పలకల్ని కూడా వాడుకుందామంటే కమ్మీలు వాటినుంచి ఊడవు. మరల తలల్లో ఆరు మూలల గుంటలున్నాయి. మా దగ్గరున్న ఏ స్క్రూడ్రైవరూ పట్టలేదు. వాటికి పట్టే తాళంచెవి లేతు షాపులో అడిగి తెచ్చుకున్నాను. ఒక క్లిప్పు తీగ విరిగుంటే సైకిలు పుల్ల వంచి పెట్టాను. అక్క కాలు సన్నం కాబట్టి మేజోడు చుట్టూ దూది కుక్కాను. అడుగు నున్నగా ఉంది, గచ్చు మీద జారుతుందని లారీ టైరు ముక్క అంటించాను. కుడికాలు పొట్టవకుండా ఆ కాలి చెప్పుకీ అంతే మందాన అట్ట వేయించాను.

అక్క గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. వెంటనే ముందుకి తూలి నా మీద పడింది.

"ఎవడిదిరా ఈ బూటు? నన్ను ముందుకి తోసేస్తోంది."

"కొండ మీంచి కిందికి దూకేవాడిది. వాడికి ముందుకే పని."

"నాకు నిలబడటం పని. వెనక్కి లాగేట్టు చెయ్యి."

బూటు వెనక పిక్క దగ్గర చిన్న మీట ఉంది. దాన్ని నిలువుకి మార్చాం. తూలడం తగ్గింది గానీ మోకాలు ఇంకా మడత పడుతోంది. అప్పుడు అక్క, పలకకీ కమ్మీకీ మధ్యనుంచి ఊడిన నల్లటి ప్లాస్టిక్ ముక్కని చూసింది. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. "ఇది వేళ్ళ కింద పెట్టి చూడు," అంది. పెట్టాను. ముందు ఎత్తవడంతో కాలు వెనక్కి వాలి, మోకాలు దానంతటదే నిటారుగా నిలబడింది. అక్క గుమ్మం వదిలేసింది. తొడ మీద చెయ్యి కూడా ఆనించుకోకుండా కొట్లోంచి వంటింటిదాకా వెళ్ళి, కుండలో నీళ్ళు ముంచుకు తాగి, మళ్ళీ వచ్చింది. నాన్న తూకం రాళ్ళు సర్దుతున్నట్టు అటు తిరిగారు.

తెనాలి స్టేషన్‌లో పెట్టెల తలుపుల దగ్గర వారం పాటు సాధన చేసింది. తలుపుకి అటూ ఇటూ ఉన్న రెండు కమ్మీలూ పట్టుకుని, కుడికాలు పైన పెట్టి, ఒంటిని లాక్కుని, ఎడమకాలిని తెచ్చి పక్కన పెట్టేది. జూన్‌లో బడి తెరిచిన రోజున నేను ప్లాట్‌ఫారం మీద చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. తియ్యొద్దని ఆజ్ఞ. అక్క ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చుని, "వెళ్ళరా, కొట్టు ఎవరు చూస్తారు?" అని కసిరింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పిల్లలు బూటు టీచరని పేరు పెట్టారట. ఆ పేరు చెప్పి తనే నవ్వేది. నేను ఇనప కాలిపరుని పాత ఇనుం బండివాడికి అమ్మేశాను. బాగా గీసి బేరమాడాను, మంచి ధర వచ్చింది. రెండో జతని పాలిథిన్ కవర్లో చుట్టి, కలరా ఉండలు వేసి, తాడు కట్టి అటకెక్కించాను.

"రెండూ మార్చి మార్చి వేసుకుంటానురా. ఒకదాని మీదే బరువెందుకు?" అంది అక్క.

"వాడుతున్న డబ్బా అయిపోకుండా కొత్త డబ్బా మూత తీస్తామా? అది స్టాకు. ప్లాస్టిక్కి చావు లేదు. ఇది అరిగాక అది. నువ్వు రిటైరయ్యేదాకా చూసుకో."

రెండేళ్ళు గడిచాయి. మూడో వానాకాలంలో మడమ దగ్గర వెంట్రుకలాంటి గీతొకటి కనపడింది. చర్చిలో గీతలు పడ్డాయని ధర తగ్గించబోయినవాణ్ణి, ఇప్పుడు గీతలేగా అని తీసిపారేశాను.

కార్తీకంలో ముసురు పట్టిన ఒకరోజు మధ్యాహ్నం మా మెట్ల ముందు రిక్షా ఆగింది. అక్క అందులో కూర్చునే ఉంది, దిగలేదు. ఒళ్ళో తువ్వాలు మూట. రేపల్లెలో రైలు దిగుతూ ఎడమకాలు నేల మీద మోపగానే బూటు మడమ నుంచి పిక్క దాకా పగిలిపోయిందట. విరగడం కాదు, అప్పడంలా ముక్కలైపోయింది. తడి ప్లాట్‌ఫారం మీద బోర్లాపడితే, ఎవరో పెద్దమనుషులు "అయ్యో చెల్లెమ్మా" అంటూ ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టారు. మళ్ళీ ఎత్తి తిరుగు రైలెక్కించారు. తెనాలిలో ఇంకెవరో ఎత్తి దించారు.

"ముగ్గురెత్తారురా," అంది.

నేనెత్తి లోపల కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకుంది.

"భయమెందుకక్కా? స్టాకుంది," అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో! రేపటి రైలుకే వెళ్ళొచ్చని చెబుతూ నిచ్చెనేసుకుని అటకెక్కాను. తాడు ముడి అలాగే ఉంది. కవరుకి చిన్న చిరుగైనా లేదు. ఎలుక కొట్టలేదు, నీరు దిగలేదు. కిందికి దించి, మూట విప్పి, బూటు నోరు రెండు చేతులతో తెరిచాను. టప్పుమంది. నా చేతిలో ఒక డొప్ప, కింద మూడు ముక్కలు. ఇంకో దాన్ని వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. ఒక్కసారైనా కాలు పెట్టని బూటు, అటక మీద మూట కట్టినది కట్టినట్టే చచ్చిపోయింది. వేడికో, ఉప్పుగాలి చెమ్మకో, తయారైనప్పుడే దాని ఆయుష్షు అంతేనని రాసుందో, నాకిప్పటికీ తెలీదు. మంచు దేశం సరుకుని మా ఉక్కలో దాచానన్నది మాత్రం తెలుసు.

నాన్న ఒక ముక్క తీసి గోరుతో గీకారు. గోటి కింద పిండి రాలింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, పంచెకి తుడుచుకుని లోపలికెళ్ళిపోయారు.

బాపట్ల పాస్టరుగారి కాళ్ళావేళ్ళా పడితే పాపం ఆయన ఆ పెట్టెలు పంపిన విదేశంవాళ్ళకి ఉత్తరం రాశారు. చాన్నాళ్ళకి పెట్టె వచ్చింది. ఈసారి వేలం లేదు, బేరం లేదు, ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చిందంటే మావాళ్ళకి మొదట్నించీ అనుమానమే. బూట్లు మెత్తగా దిండుల్లా ఉన్నాయి. అక్కడ ఇప్పుడు గట్టివి మానేసి అందరూ ఇవే వేసుకుంటున్నారట, కాలికి హాయట. అక్క పాదం ఆ హాయిలో ఎటు పడితే అటు వాలిపోయింది.

ఆస్పత్రిలో కొత్త ఇనప కాలిపరు చేయించాం. నేనెత్తుతానని మళ్ళీ అడిగాను. అడిగి ఉండకూడదు.

"ఒకసారి నాకు నేనుగా ఎక్కానురా," అంది. "ఇంక ఎత్తించుకోలేను."

బడివాళ్ళు కొన్నాళ్ళు చూసి వేరే మనిషిని పెట్టుకున్నారు. అక్క గల్లాపెట్టె దగ్గరికొచ్చింది. ఆ రెండు పలకలూ కొట్లోనే ఉన్నాయి, బియ్యం బస్తాల కింద చెమ్మ తగలకుండా వేశాం. వాటికి ఏ తెగులూ రాలేదు.

తర్వాతెప్పుడో ఒకావిడ ప్లాస్టిక్ బకెట్టు కోసం వచ్చింది. తిప్పి చూసి, తట్టి చూసి, ధరకి కూడా ఒప్పేసుకుని, పోతూపోతూ అడిగినట్టు అడిగింది. "ఎన్నాళ్ళొస్తుందమ్మా?"

ఆ ప్రశ్నకి మా ఇంట్లో అందరికీ జవాబు కంఠతా వచ్చు. నేను అక్క వైపు చూశాను.

"చెప్పలేనండి," అంది అక్క.

ఆవిడ ఇదేం కొట్టు అన్నట్టు మమ్మల్నిద్దర్నీ చూసి, బకెట్టు కింద పెట్టి మెట్లు దిగింది. మొదటి మెట్టు. రెండో మెట్టు. ఆవిడ అక్కడ కాస్త ఆగింది కూడా, పిలుస్తామని. అక్క పిలవలేదు. నేనూ పిలవలేదు.