ఎనభై అక్షరాల సారు

మంగళవారం పొద్దున టిఫిన్ బాక్సు సర్దుకుంటుంటే సారు వాళ్లావిడ, ఆంటీ, ఫోను చేశారు. "మీ సారు ఎల్లిపోనారమ్మా" అన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఏడుపు కూడా రాలేదు నాకు. సర్దిన బాక్సునే మళ్లీ మొదటినుంచి సర్దాను.

సారు మా ఆఫీసులో అందరికంటే పెద్ద. ఈ హిందీ ఊళ్లో, తెలీబంధా పేటలో మందుల షాపు పైన ఆరుగురం కూర్చునే గది మాది. భన్‌పురి లారీ ఆఫీసుల వాళ్లకి బిల్టీలు, అంటే లారీతో పాటు వెళ్లే సరుకు చీటీలు, తయారుచేసే ప్రోగ్రాములు రాస్తాం. మేం రాసిన ప్రతి ముక్కా ఆయన చదివి సరే అన్నాకే బయటికి వెళ్లేది. ఆ చదవడమే ఆయన ఉద్యోగం, ఆయన మర్యాద కూడా.

ఆయన పట్టుబట్టిన నియమం ఒక్కటే. కోడులో ఏ వరుసా ఎనభై అక్షరాలు దాటకూడదు. దాటిందా, పిలుపు వచ్చేది. శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చిన తండ్రి మాట ఆయన నోట్లో అలాగే నిలిచిపోయింది, మధ్యమధ్య హిందీతో.

"ఏటమ్మా ఇది? ముద్దలు సేసి పెట్టమంటే గిన్నె గిన్నే కుమ్మరించేసినావు. ఇక్కడ తెంపు. బస్. ఇప్పుడు సూడు, ఎంత సాఫ్‌గా ఉందో."

తెంపితే నిజంగానే సాఫ్‌గా ఉండేది. ఒళ్లు మండేది కూడా అందుకే. దాక్కున్న నా తప్పు అక్కడే బయటపడేది. నాకు పని వచ్చిందంటే ఆ చీవాట్ల వల్లే.

ఆఫీసుకి వెడల్పు తెరలు వచ్చాక, సగం తెర ఖాళీగా ఎందుకు, నూట ఇరవై పెట్టుకుందాం అన్నది నేనే. చేతులెత్తమన్నాం. అందరూ ఎత్తారు. చివర్లో సారు కూడా ఎత్తారు.

"అందరూ కలిసి రాసేది కదా. అందరి మాటే నియమం. ఠీక్ హై" అన్నారు.

తర్వాత ఆయన చదవడం నెమ్మదించింది. అరపూట పని రెండు రోజులు పట్టేది. "సారుది ప్యాసింజర్ బండి" అని నవ్వుకునేవాళ్లం. మొదట నవ్విందీ నేనే. కస్టమర్లు గొడవ చేస్తుంటే యజమాని ఆ పని ఆయన దగ్గర్నుంచి తీసి నాకిచ్చాడు. సారుకి ఫోన్లెత్తే పని మిగిలింది. నాకు సంతోషమే వేసింది, దాచడమెందుకు. అయినా అప్పుడప్పుడూ నా బల్ల మీద ఆయన చీటీ ఉండేది, ఫలానా చోట లెక్క తప్పింది చూసుకోమ్మా అని. తీరిక ఎక్కువైందనుకున్నాను.

పదో రోజు కార్యం అయ్యాక ఆఫీసు లాప్‌టాప్ తేవడానికి గుఢియారీలో వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ టీ ఇచ్చి పక్కన కూర్చున్నారు.

"షుగరు కళ్లకొచ్చేసింది కదమ్మా, మూడేళ్లయింది. మీకు సెప్పనేదేటి?"

"లేదాంటీ."

"సెప్తే ఉద్యోగం ఉంచరని బయం. పొద్దున్నే కూకుని నువ్వు రాసిందే సదివేవోరు."

లాప్‌టాప్ తెరిచాను. అక్షరాలు ఒక్కొక్కటీ మామూలుకి రెట్టింపు పెద్దవి. అంత పెద్దగా పెడితే తెర మీద ఒక్కో వరుసకి పట్టేవి సరిగ్గా ఎనభై. అక్కడున్నది నా కోడే. ప్రతి వరుసా కుడి అంచు దగ్గర తెగిపోయి ఉంది. మిగతాది చూడాలంటే జరుపుకుంటూ పోవాలి, మళ్లీ వెనక్కి రావాలి, మళ్లీ జరపాలి. వరుస వరుసకీ ఇదే. ఆ అవస్థ పెట్టింది నేను. ఒక్క మాట చెప్పి ఉంటే మార్చేదాన్ని సారూ. నేనైనా ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

సోమవారం నియమం మళ్లీ ఎనభైకి మార్చాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. చదివే మనిషే లేడు.

ఆ లాప్‌టాప్ ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. మీటలన్నిటి మీదా గుర్తులు చక్కగా ఉన్నాయి. కుడివైపుకి జరిపే మీట మీద మాత్రం బాణం గుర్తు పూర్తిగా అరిగిపోయింది.