బొంతలో కుట్టిన గొంతు

ఓబుళమ్మది రాయచోటి పక్క పల్లె. కువైట్‌లో, జాబ్రియాలో ఒక డాక్టరుగారి ఇంట్లో పని. ఆ డాక్టరు కువైటీ. జర్మనీలో చదువుకుని, వస్తూ వస్తూ అక్కడి పిల్లనే పెళ్లాడి తెచ్చుకున్నాడు. ఆవిడ పేరు గెర్డా. పేరుతో ఓబుళమ్మకేం పని, యజమానురాలు ఏ దేశందైనా అక్కడ పనిమనిషికి ‘మామా’యే, అంటే అమ్మగారే. ఇద్దరి మధ్యా వచ్చీరాని అరబ్బీ. ఆ అరబ్బీతోనే ఏళ్ల తరబడి ఇల్లు నడిపారంటే నమ్మండి.

మామా తండ్రి ఎర్విన్ లోట్జ్ పాటగాడు. లైప్‌జిగ్‌లో పీపాలు చేసేవాడి కొడుకు. చర్చిలో పాడుతుంటే ఎవరో విని నాటకశాలకు లాక్కుపోయారట. వాళ్ల దేశంలో ఆ నాటకాలు మొదటినుంచి చివరిదాకా పాటలే. లోట్జ్‌ది మరీ పైకి పోని, మరీ కిందికి దిగని నడిమి గొంతు. అలాంటి గొంతుకు హీరో వేషం ఎవరిస్తారు? రాజో, హీరోయిన్ తండ్రో, కాకపోతే విలనో. ఇస్త్రీ చేస్తూ ఇదంతా విన్న ఓబుళమ్మ, “మా ఊరి కొండన్న దుర్యోధనుడి యాసం కట్టినబ్బుడు ఇట్టనే గర్జిస్తాడు మామా. మీ నాయనకు గద ఇచ్చినారా?” అని అడిగింది. మామా పడీ పడీ నవ్వింది.

ఆయన తొలి రికార్డులు మైకు రాకముందువి. గోడలోంచి పొడుచుకొచ్చిన రేకు గొట్టంలో మొహం పెట్టి పాడాలి. గొంతు పెంచే చోట, ప్లేటు మీద పాటను గీసే సూది ఎగిరిపోకుండా, వెనకనుంచి ఒక మనిషి కోటు పట్టుకుని ఇవతలికి లాగేవాడట. అలా పాడినవి ఎనిమిది ప్లేట్లు. తర్వాత ఆయన బెర్లిన్‌లో పాడాడు, పేరు తెచ్చుకున్నాడు, బోలెడు రికార్డులిచ్చాడు. కానీ అప్పటికి గొంతు ముదిరింది. కుర్రతనపు గొంతు ఆ ఎనిమిదింట్లోనే ఉంది. కంపెనీ దగ్గరున్న అచ్చులు రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి తగలబడ్డాయి. “ఇవి పోతే నేను పుట్టకముందటి మా నాన్న ఇక లేడు ఓబుళా,” అనేది మామా.

అంత ముఖ్యమైన వస్తువుకు ఆయుధపూజ చెయ్యకపోతే ఎలా? ఒక దసరాకు, మామా బజారుకు వెళ్లిన సమయం చూసి, కత్తిపీటకూ ఇస్త్రీపెట్టెకూ బొట్లు పెట్టిన చేత్తోనే ప్లేట్లు తిప్పే పాటల పెట్టెకూ, దాని మీదున్న ప్లేటుకూ తడి పసుపు రాసి కుంకుమ దిద్దింది మన ఓబుళమ్మ. మామా వచ్చి చూసి కూలబడింది. అది లోట్జ్ మొట్టమొదట పాడిన ప్లేటు. దూదితో తుడిచి తుడిచి చాలావరకు వదిలించారు గానీ, కుంకుమ ఒక్కచోట గీతల్లోకి దిగి ఉండిపోయింది. అప్పటినుంచి పాట సగంలో ఆ చోటు రాగానే టిక్కుటిక్కుమనేది. మామా మొహం చిట్లించేది. వంటింట్లో ఓబుళమ్మ తల దించుకునేది.

తొంభైలో, ఎప్పటిలాగే ఎండలు తప్పించుకోవడానికి మామావాళ్లు జర్మనీ వెళ్లారు. ఇంటికి కాపలా ఓబుళమ్మ. ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడింది. సైనికులు ఇళ్లలో జొరబడి టీవీలూ టేపురికార్డర్లూ లారీలకెక్కించుకుపోవడం ఆమె మేడమీదినుంచి కళ్లారా చూసింది. “ఈ సచ్చినోల్లు పాటల పెట్టిని వదిలిపెడతారా,” అనుకుంది. పెట్టె పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మరి ప్లేట్లు? ఆమె పాత చీరలన్నీ బయటికి తీసి బొంత కుట్టడానికి కూర్చుంది. ఊళ్లో అమ్మలక్కలంతా కుట్టే బొంతే. కాకపోతే మడతల మధ్య ఒక్కో ప్లేటూ పెట్టి, చుట్టూ దగ్గర దగ్గరగా కుట్లు వేసింది. కుంకుమ ప్లేటును నట్టనడుమ పెట్టింది. అనుకున్నట్టే సైనికులు రానే వచ్చారు, పెట్టెను ఎత్తుకుపోయారు. మాసిన బొంత చుట్టుకుని మూల కూచున్న పనిమనిషిని ఎవరూ పట్టించుకోలేదు.

ఇండియావాళ్లను ఇళ్లకు పంపిస్తున్నారని తెలిసి, బొంత నెత్తిన పెట్టుకుని బస్సెక్కింది. బస్రా, బాగ్దాదు, ఆ తర్వాత జోర్డాను సరిహద్దులో ఎడారి. గుడారాలు కొందరికే దొరికాయి. అందరూ ఉన్న దుప్పటో చీరో పరుచుకుంటే, ఈమె మాత్రం బొంతను ఒళ్లో పెట్టుకుని కటిక నేలమీదే ఒరిగేది. “బంగారం కుట్టినావా ఏందక్కా అందులో?” అని ఎగతాళి చేశారు. “మామా సొమ్ము,” అని ఊరుకుంది.

అక్కడే జులేఖాకు నొప్పులు మొదలయ్యాయి. కువైట్‌లోనే అబూ హలీఫాలో బట్టలు కుట్టే అన్వర్ బాషా భార్య, ఆమె కూడా రాయచోటి మనిషే. నెలలింకా నిండలేదు. పట్టపగలు, నీళ్ల లారీ పక్కన చారెడు నీడలో, గులకరాళ్ల మీద పడుకోబెట్టారు. అన్వర్ బాషా చేతులు జోడించాడు. “ఓబుళక్కా, ఆ బొంత ఇయ్యక్కా. రాళ్లు ఒత్తుకుంటాండాయి పాపం.”

ఓబుళమ్మ ఇవ్వలేదు. అవును, ఇవ్వలేదు, ఆమేమీ దేవత కాదు. బొంతను ఇంకా గట్టిగా వాటేసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఇదేం మనిషన్నట్టు చూశారు. జులేఖా మాత్రం పళ్లు బిగబట్టి, చేతికందిన ఓబుళమ్మ కొంగు పట్టుకుంది. అంతే, ఓబుళమ్మ బొంతను కిందికి దించింది. “మామా నన్ను సంపితే సంపనీ,” అంటూ కుట్లు పళ్లతో కొరికి తెంచింది.

ప్లేట్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఉన్న నీడంతా కాన్పుకే చాలలేదు, వాటికి మిగిలింది ఎండ. రెండు చేతులూ జులేఖాకు కావాలి. అందుకని కుంకుమ ప్లేటు ఒక్కదాన్ని పొట్టకు ఆనించి, కొంగు బిగించి కట్టుకుంది. చాలాసేపటికి ఆడపిల్ల పుట్టి కేరుమంది. తీరా చూస్తే తక్కిన ఏడు ప్లేట్లూ ఎండకు మెత్తబడి, నూనెలో వేసిన అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి. ఓబుళమ్మ వాటిని చూసి ఏడ్చింది, పాపను చూసి ఏడ్చింది.

యుద్ధం ముగిశాక మామావాళ్లు జాబ్రియాకు తిరిగొచ్చి, ఓబుళమ్మకు మళ్లీ వీసా పంపారు. గోడలకు కొత్త రంగు, గదిలో కొత్త పాటల పెట్టె. దారి పొడుగునా ఆమె ఎన్ని అబద్ధాలు కూర్చుకుందో. మామా మొహం చూడగానే ఒక్కటీ నోటికి రాలేదు. ప్లేటు తీసి బల్లమీద పెట్టింది.

“ఇదొక్కటే మిగిలింది మామా. కడమవి ఖలాస్. నేనే ఎండలో పెడితిని. పురుడు పోసేదానికి, అవి కుట్టి దాచిన బొంత కావాల్సొచ్చె.”

మామా కుర్చీలో కూర్చుని, ప్లేటును ఒళ్లో పెట్టుకుని నిమిరింది.

“ఆడపిల్లా, మగపిల్లాడా?” అని అడిగింది.

“ఆడపిల్ల మామా. బాగుండాది. గొంతు పెద్దది.”

మామా లేచి ప్లేటు పెట్టింది. కుర్రవాడు లోట్జ్ రేకు గొట్టంలోంచి పాడటం మొదలుపెట్టాడు. సగానికి వచ్చేసరికి, ఆ చోటు దగ్గరపడుతోందని తెలిసి ఓబుళమ్మ అలవాటుగా తల దించుకుంది. టిక్కుటిక్కుమంది. మామా మొహం చిట్లించలేదు. సూదిని ఎత్తి, కాస్త వెనక్కి జరిపి, ఆ చోటు మళ్లీ వచ్చేలా పెట్టింది.

“తల ఎత్తు ఓబుళా,” అంది. “నాన్న పక్కన నువ్వున్నావు, విను.”