నెయ్యిలా పేరుకోని నీళ్లు

మిరపకోతల రోజుల్లో మా ఊళ్లో రైతు కూలీలను ఎంచుకోడు, కూలీలే రైతును ఎంచుకుంటారు. నిరుడు మార్చిలో మా కాయంతా పండి చెట్టు మీదే ఉండగా పడమట మబ్బు పట్టింది. తడిస్తే కాయ మచ్చపడి, ధర పలకని తాలైపోతుంది. మర్నాడే కోయించాలని నాన్న వెళ్లి ముఠా మేస్త్రమ్మను బతిమాలాడు. ఆమె ఒప్పుకుంటూనే, "పక్కచేలో నిన్న నీళ్లు కాఫీ కలుపుకునేట్టున్నాయండీ. మీ దగ్గరా అదే అయితే మధ్యాహ్నానికి లేచిపోతాం" అంది.

ఆ సాయంత్రం అమ్మ ఇంట్లో ఉన్న గాజు సీసాలన్నీ కడిగి, అంచు దాకా నీళ్లు నింపి, మూతలు బిగించి ఫ్రీజర్‌లో పడుకోబెట్టింది.

"మరీ అంత నిండా ఎందుకమ్మా?"

"పేరుకుంటే దిగుతుందిరా. నెయ్యి చూళ్లేదూ, మధ్యలో గుంట పడుతుంది!"

ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ మాటలో తప్పేమీ కనపడలేదు.

పొద్దున్నే తలుపు తీస్తే సీసాలన్నీ పగిలి ఉన్నాయి. గాజు పెంకులుగా ఊడిపోయినా లోపలి మంచు మెడతో సహా సీసాలాగే పడుకుని ఉంది. నాన్న మంచం మీద కూలబడ్డాడు.

"అయిపోయింది. ఈ ఏటి పంట పోయినట్టే."

"పోయింది సీసాలే నాన్నా. పంట చేలోనే ఉంది."

"నోర్మూసుకో."

గాజు కలిసిన మంచును తాగే నీళ్లలో వేయలేం. అమ్మ పెంకులు ఏరుతూ, "లోపలే వేయాలని ఏముంది?" అంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లబిందె పెట్టి, మంచును దాని చుట్టూ పేర్చి, తడి గోనెపట్టా కప్పి ట్రాక్టర్ ఎక్కించింది.

కూలీలు కాయ కోస్తుంటే నేను తొట్టి దగ్గర కూర్చున్నాను. కరిగిన నీళ్లలో మంచుముక్కలు తేలుతున్నాయి. నెయ్యిగడ్డను కరిగిన నేతిలో వేస్తే మునుగుతుంది. మరి దీనికేమొచ్చింది? ఫోన్‌లో చూశాను. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు దగ్గరికి జరగకుండా, మధ్యలో ఖాళీ వదిలి వరుసలు కడతాయట. బస్సెక్కేటప్పుడు మా ఊరి జనం ఏనాడూ చేయని పని. ఆ ఖాళీల వల్లే మంచు ఉబ్బుతుంది, తేలుతుంది, అడ్డొస్తే సీసాను పగలగొడుతుంది.

మధ్యాహ్నం మేస్త్రమ్మ వచ్చి బిందెలో గ్లాసు ముంచింది. నాన్న ఆమె మొహంలోకే చూస్తూ దగ్గరికొచ్చాడు.

"మంచు బయటెట్టారేంటండీ?"

"అందులో గాజుముక్కలున్నాయమ్మా" అని అమ్మ నిజం చెప్పేసింది.

"మేం ఎక్కువ తాగకుండా, గోడ మీద పెంకుల్లా కాపలానా?" అని నవ్వి, ఇంకో గ్లాసు తాగి, "లేవండే, ఇంకా నాలుగు సాళ్లున్నాయి" అని మిగతావాళ్లను కేకేసింది.

పొద్దుగూకేసరికి కాయంతా పట్టాల కిందికి చేరింది. నాన్న అరుగు మీద కూర్చుని వాన కోసం ఎదురుచూశాడు. చుక్క పడలేదు. ఇంత హడావిడి చేయించి ఇదేం మర్యాద అన్నట్టు ఆకాశాన్ని కోపంగా చూసి, అన్నానికి లేచాడు.