సబ్బు ముక్కకు అంటుకున్న సముద్రం

మా మావకు నేల మీద సెంటు స్థలం లేదు గానీ నీళ్ళ కింద ఒక రాళ్ళ దిబ్బ ఉండేది. అది ఎక్కడుందో ఆయనొక్కడికే తెలుసు. అదే ఆయన పట్టా. పడవలోంచి ఒడ్డు కేసి చూసి, ఏ కొండ కొన వెనక ఏ గుర్తు కనబడాలో సరిపోల్చుకుని, అక్కడ గాలం దింపేవాడు.

ఫైబర్ పడవలు వచ్చిన కొత్తలో ఆయన కళ్ళకు పొర కమ్మింది. కొండే మసకైతే దిబ్బ ఎలా దొరుకుతుంది? నేను ఆయన మేనల్లుణ్ణి, ఏడో తరగతి వదిలేసి ఆయన పడవే ఎక్కినవాణ్ణి. ఆ గుర్తులు నాకు చెప్పకపోతే దిబ్బ మా ఇంటికి దక్కకుండా పోతుంది. కానీ నా చెవిలో పడ్డ మాట గంటలో టీ కొట్టుకు చేరుతుందని పేటంతా ఎరుగును.

"నీకు సెప్పడం కన్నా మైకులో సెప్పడం మేల్రా. కరెంటు పోతే అదైనా ఆగుద్ది," అనేవాడు మావ.

"నువ్వేటి సెప్పక్కర్లేదు, నాకు తెలుసు," అన్నాను ఒకరోజు పొద్దున్న పడవలో. అన్నేళ్ళుగా ఆయన మెడ ఎటు తిరుగుతుందో చూస్తూనే ఉన్నాను మరి. ఒక గుర్తు యారాడ కొండ. రెండోది, హార్బరు బయట వారాల తరబడి లంగరేసి ఉన్న తుప్పు ఓడ. ఆ రెండూ చూసుకుని దర్జాగా గాలాలు దింపాను. మధ్యాహ్నం దాకా పడింది నాలుగు జెల్ల చేపలు, బోలెడు బురద.

"ఏ గుర్తు పట్టావురా?"

చెప్పాను. మావ పడవ అంచు పట్టుకుని మరీ నవ్వాడు. "ఓడా! నాను దాని వెనకున్న ఇంకో కొండ సూసేవోణ్ణిరా. నిన్ననే సోటు మార్చి లంగరేసింది అది. రేపు సింగపూర్ ఎల్తే ఎనకాలే పోతావేటి?"

నవ్వు ఆగాక, సీసపు గుండు అడుగున బట్టల సబ్బు ముక్క అదిమి తాడుతో నీళ్ళలోకి వదిలాడు. పైకి లాగి, సబ్బుకు అంటినదాన్ని వేలితో తడిమాడు. "బురద. జెల్లల ఇల్లు. దచ్చినానికి పోనీ." ఇంకోసారి దింపితే సబ్బుకు ఇసక. "ఇక్కడ నాలుక సేపలు సాప పరుసుకుని పడుకుంటాయి." తర్వాత గవ్వల ముక్కలు. ఆపైన తాడు ఠక్కుమని ఆగింది. సబ్బు నిండా గాట్లు, ఎర్రటి పొలుసులాంటి పెంకు.

"దిగు, వొచ్చేసినాం. ఇదే మన దిబ్బ, సముద్రంలో కంచరపాలెం. కన్నానికో కాపురం. పీత కింద వాటా, పాము సేప ఎనక వాటా, ఎర్రసేపలు వరండాలో."

గాలాలు దింపాం. ఎర్రచేపలు వరండాలోంచి సరాసరి పడవలోకి వచ్చాయి.

ఒడ్డుకు వచ్చేదాకా ఆయన మధ్యమధ్య గుండు దింపి లాగి, నా చేతికిచ్చి తడిమిస్తూనే ఉన్నాడు: ఇది దిబ్బ దగ్గరి గరుకు, ఇది ఇసక, ఇది బురద.

"మరి కొండ గుర్తులు మావా?"

"అయ్యి నోటితో సెప్పొచ్చురా, అందుకే సెప్పను. ఇది సెప్పు సూద్దాం, నీ టీ కొట్టులో."

నేనూ ఊరుకోలేదు. ఆ సాయంత్రమే కొట్టు దగ్గర నలుగురినీ పోగేశాను. బొటనవేలితో చూపుడువేలు రుద్దుతూ, "ముందు మెత్తగా ఉంటది... తర్వాత ఇలా... కాదు, ఇలా..." అని చాలాసేపు తంటాలు పడ్డాను.

"దురదేటి బావా?" అన్నాడు ఒకడు.