మాంట్రియల్‌లో రాయైన పులిహోర

ఆ ఏడు క్రిస్మస్ సెలవులకు అమెరికాలోని ఎడిసన్ నుంచి కారులో, కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే మాంట్రియల్‌కు వెళ్లాం. పండుగ రోజు అక్కడ అన్నీ మూసేస్తారని విని, పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపి తీసుకెళ్లాను. మా ఊళ్లో చలికాలమంతా కారు డిక్కీయే మాకు రెండో ఫ్రిజ్. అక్కడి చలి లెక్కేసి, డబ్బాకు దుప్పటి చుట్టి, రాత్రి హోటల్ బయట డిక్కీలోనే ఉంచాను.

పొద్దున మోకాలిలోతు మంచులోంచి మా గదికి తెచ్చి మూత తీస్తే పులిహోర రాయిలా ఉంది. గరిటె వంగిపోయింది. బయట ఒక్క కొట్టూ తెరవలేదు. ముగ్గురికీ ఆకలి దంచేస్తోంది.

"లెక్కల మేడంగారూ, దీన్ని తినాలా, దీంతో గోడ కట్టాలా?" అన్నారు మావారు.

"దుప్పటి సరిపోతుందనుకున్నానండీ!"

"ఆగమ్మా, నా ఫ్రెంచ్ ట్రై చేస్తా," అని మా అమ్మాయి కిందికి పరుగెత్తింది. స్కూల్లో నేర్చిన ముక్కలకు చేతుల అభినయం కలిపేసరికి, రిసెప్షన్‌లోని పెద్దావిడ పగలబడి నవ్వి, తన గదిలోని మైక్రోవేవ్ చూపించింది. స్టీలు డబ్బా అందులో పెట్టకూడదు కదా! కారు అద్దాల మంచు గీకే స్క్రేపర్‌ను కడిగి, మావారు పులిహోరను పెళ్లగించి మైక్రోవేవ్‌లో పెట్టే ప్లేట్లలో వేశారు. దెబ్బదెబ్బకూ పల్లీలు గదంతా ఎగిరాయి.

అంచులు పొగలు కక్కుతూ, నడుమ ఐసు కరకరలాడుతూ ఉన్న ఆ పులిహోరను నవ్వు ఆపుకోలేక, నమలలేక తిన్నాం. మాకన్నా ముందే పెద్దావిడ రెండోసారి ప్లేటు చాపింది.