శాసనంలో పనికొచ్చిన నాలుగు పంక్తులు

మా ఊరి గుడి మండపంలోని రాతి శాసనంలో పదకొండు పంక్తులున్నాయి. భజన సమాజం వారు గోడకు బిగించిన కొత్త పలక మీద నాలుగే చెక్కించారు. మిగతా ఏడింటినీ నేల కింద పెట్టారు. ఇది తప్పు. తెలిసి చేసిన తప్పు.

ఎలా పెట్టారంటే, జీర్ణోద్ధరణ పేరు చెప్పి చీమకుర్తి రాయి తెప్పించి మండపం నేలను మోకాలెత్తు లేపారు. శాసనం నిలబడ్డచోటే నిలబడి ఉంది, నడుం కింది భాగాన్ని మాత్రం గ్రానైటు మింగేసింది. పర్చూరు నుంచి చీరాల దాకా చాలా గుళ్ళలో పాత రాళ్ళు ఇలాగే నున్నటి నేలలో కూరుకుపోయాయి. అక్కడ అది తెలియనితనం. మా ఊళ్ళో నేల సరిగ్గా నాలుగో పంక్తి కిందికి వచ్చి ఆగింది.

నా చదువు ఆరో తరగతితో సరి. పత్తి మిల్లులో కాటా దగ్గర పనిచేస్తూ, పాత పుస్తకాల కొట్లో దొరికిన లిపి పట్టికలు ముందేసుకుని వెనకటి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ శాసనానికి వయసులో ఉన్నప్పుడే నకలు తీశాను. తడి కాగితం రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, ఆరీ ఆరకముందు మసి అద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.

ఇప్పటి మాటల్లో చెబితే, పై మూడు పంక్తులు దేవుడి పొగడ్త, రాజు పొగడ్త. నాలుగోది, "ఈ అఖండదీపం దీక్షాపరులు నడపవలసినది." సమాజం వారికి కావలసింది అక్కడ దొరికింది. తమ మాల వేసుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ దీపం ముట్టకూడదన్నది వాళ్ళ సిద్ధాంతం. రాయే చెబుతోంది కదా అన్నారు. పాపం, రాయి చెప్పడం ఆపలేదు. "వారు ఏమరినచో, ఈ దీపం నిలిపిన నేతగత్తె ఇంటి ఆడవారు నడపవలసినది" అంటుంది. అడ్డుపడినవాళ్ళు గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతారని చివర శాపం కూడా పెట్టింది. కొన్ని వందల ఏళ్ళ కిందటే చెక్కించినవాళ్ళకి దీక్షాపరుల సంగతి తెలుసన్నమాట.

మా వీధి చివర మగ్గం ఇంట్లో ఒక పెద్దావిడ ఉంది. వాళ్ళ అత్త, ఆ అత్తకు అత్త, అందరూ సాయంత్రం మగ్గం దిగి, స్నానం చేసి, గిన్నెలో నూనె పట్టుకుని గుడికి వెళ్ళినవాళ్ళే. పలక బిగించిన మర్నాడు ఈవిణ్ణి గుమ్మం దగ్గర ఆపారు. అక్షరం రాని మనిషి. నూనె గిన్నెతో తిన్నగా మా అరుగు దగ్గరికి వచ్చింది.

"అన్నా, నన్ను రావద్దని రాతి మీద రాసుందంట. నిజమేనా?"

"నిన్ను రమ్మని రాసుందమ్మా."

"మరి ఆళ్ళు చదివినప్పుడు అట్టా లేదే."

సమాజం అధ్యక్షుడు మిర్చి వ్యాపారి. యార్డులో మిర్చి బస్తాని, అదే టిక్కీని, అడుగుదాకా కోయించి, కాయ చూడందే బేరం మొదలుపెట్టడు. అటువంటివాడు శాసనాన్ని పైపైన చూసి కొనేశాడు. వెళ్ళి అడిగాను.

"ఏమయ్యా, మిగతా ఏడు వరుసలేవి?"

"పలక మీద చోటు చాల్లా బాబాయ్."

"దాతల పేర్లు పాతిక పట్టినయ్యిగా."

"ఆళ్ళు బతికున్నారు బాబాయ్, పేరు లేకపోతే బాధపడతారు. అయినా పైది ఆధ్యాత్మికం, కిందంతా లౌకికం. ఎవరు నూనె పొయ్యాలి, ఎవరు పొయ్యకూడదు, అదంతా ఇప్పుడెందుకు?"

"మరి ఆవిణ్ణి నూనె పొయ్యొద్దన్నది దేన్ని చూసి?"

"శాసనాన్ని చూసి," అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

మాఘమాసం వచ్చింది. దీక్షాపరులందరూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసుకుంటూ అక్కడే పడుకున్నారు. వారం రోజులు గుడిలో దీపం లేదు. గుడికి తాళం, తాళంచెవి అధ్యక్షుడి మొలతాడుకి. పెద్దావిడ రోజూ వెళ్ళి మూసిన తలుపు ముందు నిలబడి వచ్చేది. ఏమరినచో అని రాయి అన్న రోజు ఇదే కదా అని సమాజం ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాశాను. నకలుకి జిరాక్సు తీయించి, పదకొండు పంక్తులకూ పాఠం రాసి, ఆవిడ దీపం ఆవిడకి ఇమ్మని అడిగాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మూడోసారి రిజిస్టర్డు పోస్టులో పంపాను. అప్పుడు వచ్చింది, రంగుల లెటర్‌హెడ్ మీద:

"పెద్దలకు నమస్కారం. మీరు పంపిన శాసనం నకలు అందినది. మీ కృషి శ్లాఘనీయం. పై నాలుగు పంక్తులు మా సిద్ధాంతాన్ని అక్షరాలా బలపరుస్తున్నందున, మీ నకలులో అంతవరకు కత్తిరించి మా గ్రంథం కొత్త ముద్రణకు ముఖచిత్రంగా వేస్తున్నాము. కింది ఏడు పంక్తులు అదే ఉలితో చెక్కినట్లు కనిపించినప్పటికీ, తరువాతి కాలంలో ఎవరో చేర్చినవని మా పెద్దలు ధ్యానంలో నిర్ధారించారు. దీపం విషయమై, శాసనాన్ని గౌరవించవలసినదిగా ఆ సోదరికి మీవంటి చదువుకున్నవారే నచ్చజెప్పగలరు."